తాడుకు అవతలి కొసన

దయ్యాల కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. పరకాల దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో ఒక వ్యవసాయ బావిలో దయ్యం ఉందని ఎవరూ దిగేవారు కాదు. రద్దీ ఉండదు కదా అని నేను వేసవి సెలవులంతా ఆ బావిలోనే, నడుముకు బెండు కట్టుకుని ఈత నేర్చుకున్నాను. అందులో నాకు కనిపించిందల్లా తాబేళ్లు, ఒక నీళ్లపాము. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది చదివి, ఈమె ఇలాంటివి నమ్మే మనిషేమో అనుకోకండి. నమ్మను. నమ్మకుండానే చెబుతున్నాను.

ఎనభైల మొదట్లో నేను హసన్‌పర్తి దాటాక ఉన్న ఒక ఊళ్లో బాల్వాడీ టీచర్‌గా పనిచేసేదాన్ని. పుట్టిల్లు వరంగల్ కొత్తవాడ. మా నాన్న జంపఖానాలు నేసేవాడు. నేను పనిచేసే ఊళ్లో పెద్ద చెరువు ఉండేది. వానలు బాగా పడి చెరువు నిండి, మిగులు నీళ్లు మత్తడి దూకాయంటే కట్ట మీద నిలబడ్డవాళ్లకు అవతలి ఒడ్డు సన్నటి గీతలా కనిపించేది.

ఆ చెరువు ఏటా ఎవరో ఒకరిని మింగేది. గేదెలు కడగడానికి దిగినవాళ్లు, వల వేయబోయినవాళ్లు, పండగ నాడు కాలు జారినవాళ్లు. చెరువు తన మొక్కు తాను తీసుకుంటుందని ఊళ్లోవాళ్లు సరిపెట్టుకునేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

నాలాగే ఒళ్లు మండిన ఇంకో మనిషి యాకూబ్ అన్న. రోడ్డు పక్కన పంక్చర్ షాపు ఆయనది. అంతకుముందు లారీ నడిపేవాడు. సముద్రం ఒడ్డు ఊళ్లకు సరుకు తీసుకెళ్లినప్పుడు, అక్కడ ఎవరైనా నీళ్లలో చిక్కుకుంటే జీతం భత్యం లేకుండా పడవ వేసుకుని పరుగెత్తే వాళ్లను చూశాడట. సముద్రానికే అట్లా మనుషులున్నప్పుడు మన చెరువుకు ఎందుకు ఉండకూడదని ఆయన పట్టుదల.

అట్లా పుట్టింది మా బృందం. మొదట దానికి 'చెరువు రక్షక దళం' అని పేరు పెట్టుకున్నాం. ఆ రోజుల్లో మా జిల్లాలో దళం అనే మాట వినపడితే చాలు, పోలీసులు జీపు వేసుకుని వచ్చేసేవారు. బోర్డు రాయించకముందే ఊరి పెద్దలు భయపడిపోయి ఆ పేరు తీయించేశారు. చివరికి జనం పెట్టిన పేరే ఖాయమైంది: ట్యూబుల బ్యాచ్.

మా పడవ అంటే నాలుగు లారీ ట్యూబుల మీద చెక్కలు కట్టిన తెప్ప. అది కాక విడిగా గాలి నింపిన ట్యూబులు, వాటికి కట్టిన పొడవాటి తాళ్లు. నా తాడు మా నాన్న జంపఖానా నూలుతో పేనిచ్చాడు. తడిస్తే బరువెక్కేది గాని చేతులు కోసేది కాదు.

మాకు పని నేర్పింది సారయ్య. చేపలు పట్టేవాడు, చెరువంతా కళ్లు మూసుకుని తిరగగలడు. ఆయన సైగలు సులువు. నీళ్లలో ఉన్న మనిషి తాడును ఒకసారి లాగితే వదులు ఇవ్వాలి. రెండుసార్లయితే ఆపాలి. వరుసగా మూడుసార్లు లాగితే ఇక ఏమీ ఆలోచించకుండా ఒడ్డుకు లాగేయాలి. ఎండాకాలమంతా సారయ్య నీళ్లలో, నేను ఒడ్డున నిలబడి దాన్నే సాధన చేశాం.

ఒక్క నియమం దగ్గర మాత్రం నేను ఆయనతో పోట్లాడేదాన్ని. తాడు పట్టుకున్నవాళ్లు నీళ్లలో దిగకూడదు. నాకు ఈత వచ్చు కదా, కళ్లముందు మనిషి మునిగిపోతుంటే ఒడ్డున ఎట్లా నిలబడతానని నా వాదన.

"నువ్వు దుంకితే ఇద్దర్ని తీసుడైతది టీచరమ్మా," అన్నాడు సారయ్య. "నీళ్లల్ల ఉన్నోళ్లకు గా తాడే పానం. అది ఇడిసినంక నువ్వెంత మంచి ఈతగత్తెవైనా ఏం ఫాయిదా?"

సద్దుల బతుకమ్మ నాడు మా బృందానికి పెద్ద చిక్కు వచ్చిపడింది. ఆడవాళ్లు తడి చీరలతో నీళ్లలో నిలబడి ఉంటారు, ఆ రేవు దగ్గర మగవాళ్ల పొడ కనిపించకూడదని పెద్దావిడలు ఖచ్చితంగా చెప్పారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. యాకూబ్ అన్న, సారయ్య తెప్పతో సహా కట్ట మలుపు అవతల, మత్తడి పక్కకు పోయారు. ఆడవాళ్ల రేవుకు మిగిలింది నేనొక్కదాన్నే. మెడలో ఈల, చేతిలో తాడు, కాళ్ల దగ్గర ట్యూబు.

అసలు భయం రేవులోని గుంత గురించి. ఎండాకాలంలో రైతులు పొలాలకు మట్టి తోలుకుపోయినప్పుడు తవ్విన గుంత అది. నడుము లోతు నీళ్లలో నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగు తప్పితే మనిషి నిలువునా మునిగిపోతుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. అందుకే ఆ పొద్దున సారయ్య ఈదుకుంటూ వెళ్లి గుంత అంచున వెదురు కర్ర పాతి, దానికి ఎర్రగుడ్డ కట్టి వచ్చాడు. ఎర్రగుడ్డ అంటే ప్రమాదమని లారీ నడిపిన యాకూబ్ అన్నకు తెలుసు, ఆయన చెబితే మాకు తెలుసు. ఊళ్లో ఇంకెవరికీ తెలియదని మాలో ఒక్కరికీ తట్టలేదు.

సాయంత్రం నేను వెళ్లేసరికి ఆ కర్రకు పసుపు కుంకుమలు పెట్టి ఉన్నాయి. బంతిపూల దండ కూడా వేశారు. నీళ్ల మధ్యలో ఎర్రగుడ్డ కట్టిన కర్ర కనిపిస్తే మా ఆడవాళ్లకు అమ్మవారు తప్ప ఇంకేం గుర్తుకొస్తుంది? నాకు నవ్వు, భయం ఒక్కసారే వచ్చాయి. అటు పోవద్దని ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ తిరిగాను. సరే సరే అన్నారు. అన్నవాళ్లే పక్కవాళ్లతో, ఆ కర్ర దగ్గర బతుకమ్మను వదిలితే మంచిదట అని చెప్పుకున్నారు.

డప్పులు మొదలయ్యాయి. తంగేడు, గునుగు, బంతి ఒక్కొక్కటిగా నీళ్ల మీదికి చేరి, చూస్తుండగానే రేవంతా పూలు కప్పేశాయి. నీళ్లే కనిపించలేదు. ఇంకా ఎండ ఉంది, అంతా స్పష్టంగా కనిపిస్తోంది. ఇది గుర్తుపెట్టుకోండి, చీకట్లో ఏదో చూసి భ్రమపడ్డానని అనడానికి వీల్లేదు.

రజిత అనే పిల్ల తన చిన్న బతుకమ్మను పట్టుకుని కర్ర వైపు వెళ్లడం చూశాను. ఏడో తరగతి చదివేది, మా బాల్వాడీ వెనుక ఇల్లే. ఈల ఊదాను. డప్పుల్లో నా ఈల నాకే వినపడలేదు. పిల్ల కర్ర దాటి ఒక అడుగు వేసింది. బతుకమ్మ నీళ్ల మీద నిలిచింది, పిల్ల లేదు.

వాళ్లమ్మ ఒడ్డున, అటు తిరిగి, నవ్వుతూ సద్దులు పంచుతోంది.

ట్యూబు విసిరాను. గాలికి అది పక్కకు కొట్టుకుపోయి కర్రకు అవతల, పూల మధ్యలో పడింది. రజిత రెండు చేతులు ఒకసారి పైకి వచ్చాయి. ట్యూబుకు అందలేదు. మళ్లీ విసరాలని వెనక్కి లాగితే తాడు పూల గుత్తుల్లో చిక్కుకుని ట్యూబు కదల్లేదు. ఈసారి చేతులు కూడా పైకి రాలేదు.

పక్కనున్న ముసలావిడను భుజం పట్టి ఊపి, మగవాళ్లను పిలుచుకురమ్మని కట్ట మీదికి తరిమాను. దూకేద్దామని కాలు ముందుకు వేశాను కూడా. చేతిలో తాడు ఉంది, దాన్ని పట్టడం తెలిసిన మనిషి పక్కన లేదు. ఏం చేయాలో తోచక గొణుగుతున్నాను. "కాళ్లు కొట్టకు బిడ్డా. ఎల్లెలకల పండు. ఆకాశం దిక్కు చూడు." అది నా పక్కవాళ్లకు కూడా వినపడి ఉండదు.

అప్పుడు తాడు లాగింది.

ఒకసారి. ఆగి, ఇంకోసారి. ఆగి, మూడోసారి. పెనుగులాడే మనిషి పట్టి పీకినట్టు కాదు, సారయ్య సాధనలో లాగినట్టే, నిదానంగా, సమానంగా. నా చేతులు ఆలోచించలేదు. లాగడం మొదలుపెట్టాను. నన్ను చూసి నలుగురు ఆడవాళ్లు వచ్చి తాడు అందుకున్నారు. తాడు చివర బరువుంది.

పూలను చీల్చుకుంటూ ట్యూబు వచ్చింది. అందులో రజిత ఉంది. ట్యూబు తల మీదుగా వేసి, రెండు చంకల కింద సర్ది ఉంది. తల వెనక్కి ఆనించి, ముఖం ఆకాశం వైపు. స్పృహ తప్పిన మనిషికి మేము ఎట్లా వేయాలని నేర్చుకున్నామో, సరిగ్గా అట్లా.

ఎత్తుకుని గట్టు మీద పక్కకు పడుకోబెట్టాను. నోట్లోంచి నీళ్లు పోయాయి. ఊపిరి లేదు. వెల్లకిలా తిప్పి, నోట్లో నోరు పెట్టి ఊదాను, ఊదాను, ఇక చాలు రాదు అని ఎవరో ఏడుస్తుంటే కూడా ఊదాను. పిల్ల దగ్గింది. ఆ దగ్గు విన్న సంతోషం నా పెళ్లి నాడు కూడా నాకు కలగలేదంటే మా ఆయన ఇప్పటికీ ఉడుక్కుంటాడు.

అప్పటికి యాకూబ్ అన్న, సారయ్య కట్ట మీదుగా పరుగెత్తుకుంటూ వచ్చారు. ఇద్దరి బట్టలూ పొడిగా ఉన్నాయి. నీళ్లలో ఇంకో మనిషి ఉండాలని నేను గట్టిగా చెప్పాను. ట్యూబు వేసినవాళ్లు, తాడు లాగినవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి కదా. ఆమె ఏమైపోయిందో చూడండని అరిచాను.

సారయ్య వెంటనే గుంతలోకి దూకాడు. మసక పడేదాకా అడుగంతా తడిమాడు. ఈలోగా యాకూబ్ అన్న ఆడవాళ్లను ఇంటింటి వారీగా నిలబెట్టి అడిగించాడు. అందరూ ఉన్నారు. ఎవరింట్లోనూ మనిషి తక్కువ కాలేదు. కర్ర దగ్గరికి ఈదానని చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ రేవులో ఈత వచ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నే.

యాకూబ్ అన్న ఒక లెక్క చెప్పాడు. మునిగిన పిల్ల అదృష్టం కొద్దీ ట్యూబు కిందనుంచే పైకి లేచి ఉంటుంది, తల నేరుగా మధ్యలోంచి వచ్చి ఉంటుంది, గింజుకుంటే తాడు కదిలి ఉంటుంది. సారయ్య తడి తల తుడుచుకుంటూ గుంత వైపే చూస్తున్నాడు. నాకు మాత్రం ఆ లెక్క నచ్చింది. హాయిగా నిద్రపోయాను.

ఒక సంగతి మాత్రం వెంటనే మార్చాం. తర్వాతి ఏడు యాకూబ్ అన్న ఆ కర్రకు ఎర్రగుడ్డ తీసేసి, తెగిపోయిన చెప్పులు, పాత చీపురు వేలాడదీశాడు. ఒక్క మనిషి దాని దరిదాపులకు పోలేదు.

రజితను హనుమకొండ దవాఖానలో ఉంచారు. రెండు రోజుల తర్వాత బత్తాయిలు తీసుకుని చూడబోయాను. మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే కోపంగా ముఖం పెట్టింది. వీళ్లెవరూ తన మాట నమ్మడం లేదని ఫిర్యాదు చేసింది.

"నువ్వే గదా టీచరక్కా, నీళ్లల్లకొచ్చి నాకు ట్యూబు ఏసింది?" అంది. "నువ్వు ఒడ్డు మీదనే ఉన్నవంట. అమ్మ అంటాంది."

ఒడ్డు మీదే ఉన్నానని చెప్పాను. భయంలో అట్లా అనిపించి ఉంటుందని తల నిమిరాను. పిల్ల నా చేయి తోసేసింది.

"నా చెవుల చెప్పినవ్. కాళ్లు కొట్టకు, ఎల్లెలకల పండు, ఆకాశం దిక్కు చూడు అన్నవ్."

నీళ్ల మీద గొంతు దూరం పోతుందంటారు, డప్పుల మధ్య కూడా ఎట్లాగో వినపడి ఉంటుందిలే అని మనసుకు సర్దిచెప్పుకుంటున్నాను. అప్పుడు రజిత, వాళ్లమ్మ బయటికి వెళ్లిందా లేదా అని చూసి, గొంతు తగ్గించింది.

"ఇంకోటి గూడ అన్నవ్ అక్కా. మీ అమ్మ ఇటు మర్లకముందే రా బిడ్డా అన్నవ్."

ఆ మాట నేను అనలేదు. గొణగలేదు, పెదవి కూడా కదపలేదు. అటు తిరిగి సద్దులు పంచుతున్న ఆ తల్లిని చూసినప్పుడు నా మనసులో అనుకున్న మాట అది. ఆ రోజు వరకూ ఎవరికీ చెప్పలేదు. బత్తాయిలు అక్కడ పెట్టి బయటికి వచ్చి, దవాఖాన మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. భయంతో కాదు. ఎందుకో నాకే తెలియదు.

ఇన్నేళ్లలో దీన్ని అన్ని వైపుల నుంచీ తిప్పి చూశాను. దయ్యమనుకుందామంటే నేను బతికే ఉన్నాను. నేనే వెళ్లాననుకుందామంటే పిల్లను ఎత్తుకునేదాకా నా చీర అంచు కూడా తడవలేదు, తాడు నా చేతిలోంచి కదలలేదు, ఊరి ఆడవాళ్లంతా సాక్షులు. సారయ్యను ఒకసారి సూటిగా అడిగాను. తెలియదు అన్నాడు. చెరువు గురించి ఆయన తెలియదు అనడం నేను వినడం అదొక్కసారే.

రజిత ఇప్పుడు పెద్దదైంది, ఇద్దరు పిల్లలు. ఇద్దరికీ ఈత నేర్పించింది. ఎక్కడ కలిసినా నా రెండు చేతులూ పట్టుకుని, ఆ రోజు నువ్వు నీళ్లల్లకు రాకపోతే ఏమయ్యేదాన్ని అక్కా అంటుంది. మొదట్లో రాలేదని వాదించేదాన్ని. ఇప్పుడు మానేశాను. ఆ కృతజ్ఞత ఎవరికి చెందాలో తెలియక, ఆమె చేతులు వదలకుండా ఊరికే నిలబడిపోతాను.