బయటికి గీసిన బాణం

చిన్ని వాళ్ల బాబాయి నీటి సరఫరా ఆఫీసులో ఇరవై ఆరేళ్లుగా ఒకే చోట కూర్చున్నాడు. కుర్చీ రెండుసార్లు మారింది గానీ చోటు మారలేదు. కౌంటరు వెనక రెండో గది, కిటికీకి ఎడమ పక్క, ఎదురుగా ఇనప బీరువా. ఆఫీసంతా ఆయన్ను రిజిస్టరు గారు అంటుంది. ఆ పిలుపులో గౌరవం ఎంత, వెటకారం ఎంత అని ఆయన ఏనాడూ ఆరా తీయలేదు. అలాంటివి ఆరా తీసే మనిషే అయితే కథ ఇంత దూరం వచ్చేది కాదు.

ఆయన పని చెప్పడానికి నాలుగు మాటలు చాలు. కుళాయి రావడం లేదనో, గొట్టం పగిలిందనో, నీళ్లు మురికిగా వస్తున్నాయనో జనం రాసిచ్చిన ఫిర్యాదుకు కౌంటర్లో రెండు ప్రతులు తీస్తారు. ఒకటి మరమ్మతుల వాళ్లకు పోతుంది. రెండోది బాబాయి బల్ల మీదికి వస్తుంది. తేదీ, వీధి, ఇంటి నంబరు, వాళ్ల బాధ, అన్నీ ఆయన పెద్ద రిజిస్టర్లోకి ఎక్కిస్తాడు. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. కొట్టివేత ఒక్కటీ కనపడదు. పుస్తకం నిండితే అట్ట వేయించి బీరువాలో పెడతాడు. అలా నలభై ఒకటి పోగయ్యాయి. నలభై రెండోది నడుస్తోంది. ఆయన రిటైరు కావడానికి ఇంకా ఎనిమిది నెలలుంది.

చిన్ని ఆయన అన్న కూతురు. యూనివర్సిటీ దగ్గరని బాబాయి ఇంట్లో ఉండి చదువుకుంటోంది. చివరి ఏడాదిలో సిస్టమ్స్ అనాలిసిస్ అండ్ డిజైన్ అని ఒక సబ్జెక్టు వచ్చి పడింది. ఏదైనా ఒక ఆఫీసుకు వెళ్లి, కాగితం ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో అడిగి తెలుసుకుని, బొమ్మ గీయాలి. పని జరిగే చోటు ఒక గుండ్రం, కాగితం పోయే దారి ఒక బాణం. ఆ తర్వాత దాని బదులు ఇంకా మంచి పద్ధతి ఒకటి తయారుచేసి ఇవ్వాలి.

"ఇన్నేళ్లు చదివి చివరికి సున్నాలు చుడుతున్నారా? ఒకటో తరగతిలో మేమూ చుట్టాంలే" అని పిన్ని ముక్కున వేలేసుకుంది.

బొమ్మ సంగతి అలా ఉంచి, గీయడానికి ఆఫీసు దొరకలేదు. మూడు చోట్ల గుమ్మంలోనే పొమ్మన్నారు. చిన్ని మొహం వేలాడేసుకుని ఇంటికొస్తే బాబాయే అన్నాడు, "మా ఆఫీసుందిగా. మా కన్నా పద్ధతిగా ఎవరు పనిచేస్తున్నారని?" మర్నాడే అనుమతి సంపాదించాడు. అన్న కూతురు పుస్తకం పట్టుకుని తన బల్ల ముందు కూర్చుని ప్రశ్నలడుగుతుంటే ఆయన మొహం చూడాలి. ఆ రోజు చొక్కా కూడా ఇస్త్రీది వేసుకొచ్చాడు.

"ఈ రిజిస్టరు ఎవరు చూస్తారు బాబాయ్?"

"అవసరమైనవాళ్లు చూస్తారు."

"అంటే, ఇప్పటిదాకా ఎవరికి అవసరం పడింది?"

"పడలేదనుకో. రేపు పడితే? అప్పుడు లేదంటే ఎంత అప్రతిష్ఠ!" అని ఆయన నవ్వి, ఆ జవాబు కూడా రాసుకోమన్నాడు.

పాఠం చెప్పే మేడం బొమ్మ చూసి నాలుగో గుండ్రం, అంటే బాబాయి రిజిస్టరు, దగ్గర ఆగింది.

"దీన్లోకి బాణాలు వస్తున్నాయి. బయటికి ఒక్కటీ పోవడం లేదేం?"

"అక్కడితో అయిపోతుంది మేడం."

"ఆఫీసులో ఏదీ అలా అయిపోకూడదమ్మా. లోపలికి పోయింది ఏదో ఒక రూపంలో బయటికి రావాలి. రాలేదంటే నువ్వు సరిగ్గా అడిగి ఉండవు, లేదా ఆ పనే అక్కర్లేదు. అక్కర్లేకపోతే కొత్త డిజైన్లో ఆ గుండ్రం తీసెయ్యి. ఎందుకు తీసేశావో ఒక పేరా రాయి."

చదువు మంచిదే. దానికి మొహమాటం లేకపోవడమే ఇబ్బంది. చిన్ని మళ్లీ ఆఫీసుకు వెళ్లి కౌంటరువాణ్ణి అడిగింది, టైపిస్టును అడిగింది. ఎవరికీ ఏమీ తెలియదు. మరమ్మతుల సూపర్‌వైజరు మాత్రం గొంతు తగ్గించి చెప్పాడు. "మీ బాబాయి మంచాయనమ్మా. అప్పుడెప్పుడో ఒక ఆఫీసరు ఇవన్నీ రాసి ఉంచమన్నాట్ట. ఆయన బదిలీ అయి వెళ్లిపోయాడు. తర్వాత ఆపమన్న నాథుడు లేడు. ఈయన ఆపలేదు."

యూనివర్సిటీ నియమం ప్రకారం పూర్తయిన ప్రాజెక్టు ప్రతి ఒకటి ఆ ఆఫీసుకే ఇచ్చి, పై అధికారి, అంటే ఇక్కడ ఇంజనీరు, సంతకం తీసుకోవాలి. ఫలానా గుండ్రం అనవసరం అని తను రాయబోయే పేరాను బాబాయి తన చేతులతో ఇంజనీరు బల్ల మీద పెట్టడం చిన్ని కళ్లముందు కదిలింది. తను అడక్కుండానే అనుమతి తెచ్చిపెట్టిన మనిషికి చేసే ఉపకారం ఇదా అనిపించింది. పెన్సిలు తీసి బొమ్మను ఇంకో కాగితం మీద మళ్లీ గీసి, ఈసారి నాలుగో గుండ్రంలోంచి ఒక్క అంగుళం బాణం గీసింది. దాని కొసన ఇంజనీరును పెట్టింది. పైన 'నెలవారీ నివేదిక' అని రాసింది. ఇలాంటివి చదివి సంతకం పెట్టేవాడెవడులే అనుకుంది.

మేడం "ఇప్పుడు సరిపోయింది" అని టిక్కు పెట్టింది. క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు చిన్నికే వచ్చాయి. బాబాయి ఆ ప్రతిని చంకన పెట్టుకుని ఆఫీసంతా తిరిగి, కనపడినవాడికల్లా తన గుండ్రం చూపించాడు. గుండ్రం చూశాడే గానీ బాణం మీద ఏం రాసుందో ఆయనా చదవలేదు.

చదివేవాడు వేరే ఉన్నాడు. కొత్త ఇంజనీరు వచ్చి ఐదు నెలలే అయింది. బల్ల మీదికి వచ్చిన ప్రతి కాగితం చదవడం ఆయనకున్న జబ్బు. వారం తిరక్కముందే బాబాయి చేతికి మెమో వచ్చింది. విశ్వవిద్యాలయం వారి పరిశీలన ప్రకారం మీ విభాగం నుంచి నెలనెలా నివేదిక రావలసి ఉండగా, నాకు ఒక్కటీ అందలేదు, పాత ఫైళ్లలోనూ లేదు, ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలసింది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఆయన అందుకున్న మొదటి మెమో అది.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు. పిన్ని కాగితం లాక్కుని చదివి ఇంజనీరును, వాళ్ల ఏడుతరాల వాళ్లనూ ఉతికి ఆరేసింది. చిన్ని కూడా తీసుకుని చదివింది. అందులో ఉన్నది తన బాణమే.

"ఆయన్నెందుకే తిట్టడం? నేనే మర్చిపోయుంటాను" అన్నాడు బాబాయి. "చేరిన కొత్తలో ఆ ఆఫీసరు నెలకో రిపోర్టు కూడా ఇమ్మనే ఉంటాడు. నాకే బుర్రలోంచి జారిపోయింది. లేకపోతే యూనివర్సిటీ వాళ్లకెలా తెలుస్తుంది?"

చిన్ని అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. నోరు పెగల్లేదు అనుకున్నా, పిరికిదనుకున్నా ఒకటే.

ఆదివారం పొద్దున లేచి చూస్తే అన్నం బల్ల మీద రెండు పాత రిజిస్టర్లున్నాయి. సెలవు చీటీలా ఒక అర్జీ రాసిచ్చి ఇంటికి తెచ్చుకున్నాడట. స్కేలు, పెన్నూ ముందు పెట్టుకుని మొట్టమొదటి నెల నుంచి నివేదికలు రాస్తున్నాడు. ఏ వీధిలో ఎన్ని ఫిర్యాదులు, ఏ రకానివి ఎన్ని. నాలుగు నెలలవి అయిపోయాయి.

"మొత్తం మూడొందల పైచిలుకు రాయాలి. ఏడు రోజుల్లో ఎన్నవుతాయో అన్ని" అన్నాడు తల ఎత్తకుండా. "చూశావా చిన్నీ, నాకు ఎంత మతిమరుపో!"

ఆ మాటకు చిన్ని తట్టుకోలేకపోయింది. "నువ్వేమీ మర్చిపోలేదు బాబాయ్. అలాంటి రిపోర్టు లేనే లేదు. నిన్నెవరూ అడగలేదు. ఆ బాణం నేను కల్పించి గీశాను" అంది. ఏడుపు ఆగలేదు.

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఎందుకు గీశావు?"

చిన్ని లోపలికెళ్లి మొదట గీసిన కాగితం తెచ్చి ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు సర్దుకుని, కౌంటరు దగ్గర మొదలుపెట్టి బాణాల వెంట వేలు నడిపాడు. వేలు నాలుగో గుండ్రంలోకి వెళ్లింది. అక్కడ నుంచి ఎటు పోవాలో తెలియక గీత చుట్టూ ఒకసారి తిరిగి ఆగింది.

"ఇంతేనా?"

"ఇంతే బాబాయ్."

"రేపు నేనే ఇంజనీరు గారి దగ్గరికెళ్లి తప్పు నాదని చెప్పేస్తాను. మెమో వెనక్కి తీసుకుంటారు" అంది చిన్ని కళ్లు తుడుచుకుని.

"ఏమని చెప్తావు? రిపోర్టు రానక్కర్లేదు, అసలా రిజిస్టరే ఎవరికీ అక్కర్లేదు అనా?"

బాబాయి మెమో తీసి రిజిస్టరు మీద పెట్టాడు.

"పని ఎగ్గొట్టాడంటే పడతానమ్మా. మందలిస్తారు, సర్వీసు పుస్తకంలో ఒక ముక్క రాస్తారు. రాసుకోనీ. ఇరవై ఆరేళ్లూ ఎవరికీ పట్టని పని చేశాడంటే మాత్రం నేను పడలేను. ఇన్నాళ్లకి నా రిజిస్టరు గురించి పైనుంచి ఒక్క కాగితం వచ్చింది. అది కూడా అబద్ధమని చెప్పొస్తావా?" మొదటి బొమ్మను నాలుగు మడతలు పెట్టి చిన్ని చేతికిచ్చాడు. "ఇది ఎక్కడైనా పారెయ్యి. నీ బాణం అలాగే ఉండనీ."

ఆ తర్వాత తెల్ల కాగితం తీసుకుని సంజాయిషీ రాశాడు. నా అశ్రద్ధ వల్ల నివేదికలు పంపలేకపోయాను, మన్నించగలరు అని. కొట్టివేత ఒక్కటీ లేదు. సంతకం పెట్టి పక్కన పెట్టి, స్కేలు చిన్ని వైపు తోశాడు.

"ఐదో నెలకి గీతలు గియ్యి."

చిన్ని గీసింది. బాబాయి పాత రిజిస్టరు పేజీ తిప్పి, ఇరవై ఆరేళ్ల కిందట తమ వీధిలో మూడు రోజులుగా నీళ్లు రావడం లేదని ఎవరో రాసిచ్చిన ఫిర్యాదును లెక్కలోకి తీసుకున్నాడు.