గురువారం చెప్పే తప్పులు

గురువారం పొద్దున్నే మేవిస్ పన్నెండు శాండ్‌విచ్‌లు చేసేది. చీజ్ తురిమి, ఎర్ర మిరప ముక్కలు కలిపి, రొట్టె అంచులు కోసి డబ్బాలో సర్దిస్తే భర్త ఆరిన్ ఆఫీసుకు పట్టుకెళ్లేవాడు. మార్చిలో ఆయన పోయాక, గురువారాల్లో ఒక్క ముక్క రొట్టె కాల్చుకుని నిలబడే తినేస్తోంది.

ఆరిన్ అమెరికాలోని హంట్స్‌విల్‌లో ముప్పై నాలుగేళ్లు రాకెట్ ఇంజన్ల మీద పనిచేశాడు. గురువారం భోజనాల వేళ కుర్ర ఇంజనీర్లను చుట్టూ కూర్చోబెట్టుకుని తాను చేసిన తప్పొకటి చెప్పేవాడు. పెద్దవాడు తన తప్పు ఒప్పుకున్నాకే చిన్నవాళ్లు నోరు విప్పాలి. అది ఆయన పెట్టిన పద్ధతి. ఇంట్లో మాత్రం "ఆఫీసెలా ఉంది?" అంటే "బాగానే ఉంది" అని ఊరుకునేవాడు.

ఇప్పుడు ఆ గురువారాలు ఆయన దగ్గర పనిచేసిన కెండ్రా నడుపుతోంది. ముప్పై ఏళ్ల పిల్ల. ఆదివారం మధ్యాహ్నం మడత విప్పని అట్టపెట్టెలు చంకలో పెట్టుకుని వచ్చింది. ఆరిన్ నోటుపుస్తకాలు ఆఫీసుకు కావాలట.

"మీ శాండ్‌విచ్‌ల కోసం మావాళ్లు కొట్టుకునేవాళ్లు, మిస్ మేవిస్!" అంది కెండ్రా, అక్కడ పెద్దావిడలను పిలిచే తీరులో.

"తిన్నవాళ్లలో ఒక్కరూ డబ్బా కడిగి పంపిన పాపాన పోలేదులే."

కెండ్రా నవ్వేసింది. "ఎనభై ఏడో సంవత్సరం పుస్తకం ముందు కావాలండీ. ఆ వాల్వు సంగతి అందులోనే ఉంది. కొత్తగా చేరినవాళ్లకి మొట్టమొదట అదే చెప్పేవారు."

"ఏ సంగతి?"

"మీకు... తెలీదా?"

ఆ మాట మేవిస్‌కు ముల్లులా దిగింది. "ఆయన చెప్పినట్టే చెప్పు, విందాం," అంది.

కెండ్రా కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. అచ్చం ఆరిన్‌లాగే. అది చూసి మేవిస్‌కు ఒళ్లు మండింది.

"'ఆ తెల్లవారుజామున మా బిడ్డ కడుపులోనే పోయింది. మా ఆవిడ నిద్రలో ఉంటే ఆస్పత్రి నుంచి సరాసరి పనికొచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. వాల్వు డ్రాయింగు చూడకుండానే సంతకం పెట్టాను. పరీక్షలో అది పగిలింది. ఎవరికీ దెబ్బ తగలకపోవడం అదృష్టం. మనసు బాగోని రోజు పని పక్కవాళ్లకి అప్పజెప్పండి, ఎందుకో నోరు విప్పి చెప్పండి.' అని, ఓ నిమిషం ఊరుకునేవారు."

ఆ బిడ్డ మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు. మేవిస్ ఎత్తబోతే ఆరిన్ లేచి గడ్డి కోయడానికి వెళ్లిపోయేవాడు. అలాంటిది ఏటేటా ముక్కూమొహం తెలియని పిల్లలకు, వాళ్లు ఆమె చేసిన రొట్టెలు నములుతుండగా చెప్పాడు. ఆ ఒక్క నిమిషమైనా తనకు దక్కలేదు.

"ఎప్పుడైనా ఏడ్చాడా?"

"ఒక్కసారి. నేను చేరిన ఏడాది."

అదీ ఈ పిల్లకే దక్కింది!

"నేను నిద్రపోలేదు. కళ్లు మూసుకున్నానంతే. ఉంటాడేమో చూద్దామని," అంది మేవిస్.

కెండ్రా కళ్లద్దాలు పెట్టుకుంది. బుధవారం వచ్చి పెట్టెలు తీసుకెళతానని మెల్లగా లేచింది.

బుధవారం ఆమె వచ్చేసరికి అట్టపెట్టెలు గోడకు ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి.

"సర్దడానికి సాయం చెయ్యనా, మిస్ మేవిస్?"

"అక్కర్లేదు. రేపు కొత్తవాళ్లెవరైనా వస్తున్నారా?"

"ఐదుగురు."

"అయితే నేనొస్తా. ఆ సంగతి మటుకు ఇక నువ్వు చెప్పకు. అది నాది, నేనే చెబుతా."

"మరి పుస్తకాలు..."

"ఉండనీ," అంది మేవిస్, పెట్టెలకేసి చూడకుండానే.