ఖాళీగా రాని బండి

లింగస్వామి తన లారీని ఖాళీగా నడపడు. మిర్యాలగూడ మిల్లులో బియ్యం ఎత్తకముందే తిరుగు లోడు మాట్లాడుకుంటాడు. కోదాడలో తోటి డ్రైవర్లు బ్రోకర్ ఫోన్ కోసం ఎదురుచూస్తుంటే, అతని జేబులో వారం లోడ్లన్నీ రాసుకున్న అట్టముక్క ఉంటుంది. మొన్న మచిలీపట్నంలో మాట్లాడుకున్న లోడు తప్పిపోయింది. ఖాళీగా రాబుద్ధి కాక ఎండుచేపలు ఎత్తి సూర్యాపేటలో దించాడు. ఈ ఉదయం మిల్లు గుమాస్తా లారీలోకి ఎక్కి, అడుగు చెక్క మీద అరచెయ్యి రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏం స్వామన్నా, బియ్యంతోని కూర గూడ పంపుతున్నవా?"

"మూడుసార్లు కడిగిన సారూ."

"ఇంకోసారి కడుగు. పొద్దుగూకేదాక సూస్త, ఆనెంక లోడు వేరే బండికిస్త."

ఈ లోడు పోతే అట్టముక్క మీదివన్నీ పోయినట్టే. వేములపల్లి కాలువ పక్కన సబ్బుపొడి చల్లి మళ్లీ కడిగాడు. వంగి వాసన చూశాడు. ఏమీ తెలియలేదు. రెండు రోజులుగా తిండీ నిద్రా ఆ వాసనలోనే. వాసన పోయిందో లేదో ఎవరైనా చెప్పాలని భార్య సైదమ్మను పిలిపించాడు. ఆటో దిగిన సైదమ్మ లారీకి పదడుగుల దూరంలోనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. లింగస్వామి పశ్చిమాన పొద్దు వైపు ఒకసారి చూసి, బకెట్టు తీసుకుని కాలువలోకి దిగాడు.