బియ్యం డబ్బాలో మాత్రలు

ఎనభైల చివర్లో మాట. నాకు రొమ్ము తీసేసి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పినవి రెండే. నొప్పి ముదిరేదాకా ఆగకుండా వేళకి మాత్ర వేసుకోవాలి. మాత్ర పనిచేస్తుండగా ఆ పక్క చెయ్యి గోడ మీద పైకి పాకించాలి, లేకపోతే భుజం బిగుసుకుపోతుంది. బిలాస్‌పూర్ రైల్వే బడిలో ఏళ్ల తరబడి టైంటేబుల్ వేసినదాన్ని, నాకిదో కష్టమా? డైరీలో వేళలు రాసుకున్నాను. క్వార్టరు గోడ మీద, చెయ్యి చేరాల్సిన ఎత్తున, పెన్సిలుతో గీత గీసుకున్నాను.

నేను లెక్కలోకి తీసుకోనిది మా వదినని. మా ఆయనకి అక్క. నాకు సాయానికని విజయనగరం నుంచి వచ్చింది. వచ్చిన రోజే మాత్రల పొట్లం బియ్యం డబ్బాలో దాచేసింది. అడిగితే ముందు నా ముఖం పరీక్షగా చూసేది.

"ఏటే మరదలా, నవ్వుతూ మాట్లాడతన్నావు. నొప్పున్నదానిలా ఉన్నావా?"

"ఎక్కువ కాకముందే వేసుకోమన్నారు వదినా."

"రాని నొప్పికి మందేటి? అలవాటైపోద్ది. ముగ్గుర్ని కన్నాను, ఒక్క మాత్ర ఎరగను."

నాకు కళ్లనీళ్లు తిరిగాక సగం విరిచి ఇచ్చేది. ఆ సగం దేనికీ చాలదు. చంకలో తాడు కట్టి లాగుతున్నట్టుండేది. లేని రొమ్ము దురద పెట్టేది. చెయ్యి గీత దరిదాపులకి కూడా పోయేది కాదు. జడకి మళ్లీ ఆవిడ ముందే కూర్చోవాలి. జుట్టు పీకి పీకి దువ్వేది. చూడ్డానికొచ్చిన ఆడవాళ్లదీ ఆవిడ పాటే. "చెయ్యి కదపకండి, కుట్లు ఊడతాయి" అని ఒకావిడ. "అచ్ఛా, ఇంకా నొప్పేనా?" అని ఇంకొకావిడ. మా ఆయనతో చెబితే, "అక్కకి నేనేం చెప్పనే" అని షెడ్డుకి వెళ్లిపోయేవారు. అంత ఇంజను నడిపే మనిషికి అక్క ముందు నోరు పెగలదు.

ఒక మధ్యాహ్నం డబ్బా మూత చప్పుడైంది. నా మీద దయ కలిగిందనుకుని వంటింట్లోకి వెళ్లాను. వదిన నా మాత్ర, అదీ నిండు మాత్ర, నోట్లో వేసుకుని నీళ్లు తాగుతోంది.

"మోకాళ్ల నొప్పా వదినా?"

"ఇప్పుడేటీ లేదు. సాయంత్రం బుధవారీ బజారుకి నడవాలి కదా, ముందే వేసీసుకుంటే..."

పొట్లం ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"ముగ్గుర్ని కన్నావు, ఆ మాత్రం ఓర్చుకోలేవా?" అన్నాను.

"నీ నోటికి మాత్రం ఏ ఆపరేషనూ చెయ్యలేదు," అంటూ పొట్లం నా చేతిలో పెట్టేసింది.

ఆ పూట మాత్ర వేళకే వేసుకున్నాను. కాసేపాగి గోడ దగ్గర నిలబడితే, వేళ్లు మొదటిసారి గీతకి కాస్త కిందిదాకా చేరాయి. గీత దాటడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. దాటిన మర్నాడు దువ్వెన నేనే తీసుకున్నాను.

"పాపిడి వంకరగా ఉంది, ఇలా రా," అంది వదిన.

నేను వెళ్లలేదు.