నున్నబడ్డ ట్యాంకు

ఈ సాయంత్రం ఆరు గంటలకు నా బొమ్మ యుద్ధ ట్యాంకు పైభాగం నున్నగా తయారైంది. శనివారం ఉదయం విమానంలో బెంగళూరుకు, బొమ్మ మోడళ్ల పోటీకి తీసుకెళ్లాల్సిన ట్యాంకు అది.

అసలు ట్యాంకు పైభాగాన్ని ఉక్కు పోతపోసి చేస్తారు. దాని మీద ఇసుక అచ్చు గరుకు, ఉబ్బెత్తు అంకెలు ఉండిపోతాయి. ప్లాస్టిక్ బొమ్మకు అవి ఉండవు. అందుకే జిగురు పూసి, బ్రష్‌తో పొడిచి గరుకు తెచ్చాను. కిట్‌లో బొమ్మ ముక్కలు అతుక్కుని వచ్చే చట్రం మీది బుల్లి అంకెలను బ్లేడుతో కోసి అతికించాను. జడ్జీలు ముందు చూసేది వాటినే. ఇక రంగు వేయడమే మిగిలింది.

పక్కింటి నర్సింహది గగన్‌పహాడ్‌లో పోత కార్ఖానాలో ఉద్యోగం. పోతపోసిన సామాను మీద గరుకు తీసేయడమే ఆయన పని. ఈ సాయంత్రం ఆయన మా ఇంట్లో కూర్చుని మాట్లాడుతుండగా నాకు ఆఫీసు ఫోన్ వస్తే బాల్కనీలోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆయన చేతిలో నా సాండ్‌పేపర్ ఉంది.

"జర ఖరాబ్ ఉండె అన్నా, సాఫ్ చేసిన. గిట్ల పంపితే మా సూపర్‌వైజర్ వాపస్ కొడ్తడు."

"అవి నేనే పెట్టానన్నా. కావాలనే."

ఆయన సాండ్‌పేపర్ పక్కన పెట్టాడు.

"తీసేటోనికి జీతం ఇస్తరు గని, పెట్టేటోనికి బహుమతి ఇస్తరా? ఏం పోటీ అన్నా అది?"

ఆయనకేం చెప్పాలో మీకు తెలిస్తే కింద రాయండి.

గరుకు మళ్లీ తేవడానికి రేపు నేను సెలవు పెట్టాను. సాయంత్రం డ్యూటీ దిగి నర్సింహ కూడా వస్తాడు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆయన గరుకు పెట్టబోతున్నాడు.