ఒక్కణ్ణే చూసిన కంప్రెషన్

మొన్న కూరలు తెచ్చుకుంటూ వస్తుంటే, మా వీధి చివర మెకానిక్ షెడ్డు ముందు ఒక పాత కారు స్టార్టరు తిరుగుతూ వినిపించింది. ప్లగ్గులు విప్పేసిన ఇంజను చప్పుడు వేరు. బరువు దించుకున్న మనిషిలా గబగబా తిరుగుతుంది, ప్రతి చుట్టుకీ ప్లగ్గు బెజ్జంలోంచి పచ్చి పెట్రోలు వాసన చిమ్ముతుంది. ఈ వయసులో నాకు నడవడమే విసుగు, నిలబడటం అంతకన్నా విసుగు. అయినా నిలబడిపోయాను. మెకానిక్ ఒక్కడే బానెట్ లోకి వంగి గేజి చూసుకుంటున్నాడు. "లోపల యాక్సిలేటర్ ఎవరు నొక్కుతున్నారు నాయనా?" అన్నాను. పనీపాటా లేని ముసలాయన దొరికాడన్నట్టు చూశాడు. తప్పేం లేదు, వాడి వయసులో నేనూ అలాగే చూసేవాణ్ణి. కానీ ఆ ప్రశ్న నాది కాదు, సింహాచలం మేస్త్రిది.

ఎనభైల మొదట్లో కంచరపాలెంలో, రైలు పట్టాల పక్కన ఉండేది మేస్త్రి షెడ్డు. గూడ్సు బండి వెళ్ళిందంటే పైన రేకులూ, గోడకు తగిలించిన పానాలూ కలిసి మోగేవి. స్టీలు ప్లాంటులో ఉద్యోగాలొస్తాయని మా కృష్ణా జిల్లా నుంచి సగం ఊళ్ళు వైజాగు దిగాయి, వాటితోపాటు నేనూ దిగాను. ఉద్యోగం ఎంతకీ రాలేదు. గాజువాకలో ఒంటిగది అద్దె ఇల్లు, కొత్తగా కాపురానికొచ్చిన భార్య. ఇరవై ఏడేళ్ళ వయసులో ఐటీఐ సర్టిఫికెట్ పెట్టెలో దాచుకుని మేస్త్రి దగ్గర పనికి కుదిరాను. ఆయన యాభై దాటిన మనిషి, బక్కగా ఉండేవాడు, మాట తక్కువ. నన్ను పేరుపెట్టి ఎప్పుడూ పిలవలేదు. "ఐటీఐ బాబూ, ఇలగ రా" అనేవాడు. అందులో వెటకారం ఎంతో, గౌరవం ఎంతో ఈ రోజుకీ నాకు తెలియదు.

కంప్రెషన్ చూడటమంటే ఇంజను సిలిండర్లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూడటం. ప్లగ్గు విప్పి, ఆ బెజ్జంలో గేజి బిగించి, స్టార్టరు తిప్పితే ముల్లు లేస్తుంది. ముల్లు బాగా లేస్తే ఇంజనుకు ఆయుష్షున్నట్టు, లేవకపోతే లోపల అరిగిపోయినట్టు. పుస్తకంలో అరపేజీ పాఠం, మేస్త్రికి మాత్రం అదో వ్రతం. ఇంజను వేడిగా ఉండాలి. నాలుగు ప్లగ్గులూ విప్పాలి. యాక్సిలేటర్ ఆఖరుదాకా నొక్కి పట్టాలి, లేకపోతే లోపలికి గాలే వెళ్ళదు. ఆ నొక్కే కాలు బండి సొంతదారుడిదే అయి ఉండాలి. అతన్ని సీట్లో కూర్చోబెట్టి, అంకెలు గట్టిగా చదివి చెప్పేవాడు. "ఈ పనికి ఓనరెందుకు మేస్త్రిగారూ, నేను నొక్కుతాగా" అన్నానొకసారి. "ఆడి బండి జాతకం ఆడి ఎనకాల సూత్తామేటి?" అన్నాడు. చాదస్తం అనుకున్నాను.

నూకరాజు మేస్త్రికి పాత స్నేహితుడు. బావా అంటే బావా అనుకునేవారు. జాలరిపేట మనిషి, నలభై ఏళ్ళుంటాయి. బోటులో తన వాటా అమ్మేసి ఒక పాత పెట్రోలు కారు కొని రైల్వే స్టేషన్ దగ్గర టాక్సీ తిప్పేవాడు. వాళ్ళ ఇంట్లో సముద్రాన్ని వదిలి వచ్చిన మొదటివాడు అతనే. పొద్దున్నే ఆయిలు చూడనిదే బండి తీసేవాడు కాదు. ఒక వేసవిలో ఆ కారు సింహాచలం కొండ ఎక్కనని మొరాయించింది. షెడ్డుకు తెచ్చాడు. ఆ రోజు మేస్త్రి లేడు, కూతురి కాన్పుకని బొబ్బిలి వెళ్ళాడు.

మిట్టమధ్యాహ్నం. రేకుల కింద ఒళ్ళు ఉడికిపోతోంది. నూకరాజు టీకి వెళ్ళాడు. అతను వచ్చేదాకా ఆగే ఓపిక నాకు లేదు. ఆ కార్లకు స్టార్టరు తిప్పడానికి బానెట్ కిందే ఒక బొత్తాం ఉండేది. దాన్ని బొటనవేలితో నొక్కి, రెండో చేత్తో గేజి పట్టుకుని, నాలుగు సిలిండర్లూ చూసేశాను. నాలుగూ ఎనభై. ఉండాల్సింది నూట ఇరవై పైన. నూకరాజు వచ్చేసరికి నా తీర్పు సిద్ధంగా ఉంది. "పిస్టన్ రింగులు పోయాయండి, నాలుగూ. ఆయిలు చూసుకోకుండా తోలేశారు. ఇంజను విప్పి సిలిండర్లు బోరు చేయించాలి. ఆ ఖర్చుకు ఇంకో బండి వస్తుంది."

"నాను రోజూ సూత్తన్నాను బాబూ" అన్నాడు అతను. ఒక్కసారే అన్నాడు. గేజి నా చేతిలో ఉంది, సర్టిఫికెట్ నా పెట్టెలో ఉంది. మేస్త్రి తిరిగొచ్చేలోగా నూకరాజు కారును వచ్చిన ధరకు అమ్మేశాడు. హార్బరులో మళ్ళీ కూలికి చేరాడని విన్నాం.

రెండు నెలల తర్వాత అదే కారును కొన్నాయన బోరు చేయించమని మా షెడ్డుకే తెచ్చాడు. కంప్రెషన్ చూడనిదే మేస్త్రి ఇంజను విప్పడు. కొత్త ఓనర్ని కూర్చోబెట్టి యాక్సిలేటర్ నొక్కమన్నాడు. కార్బురేటర్ వైపు చూసి ఆగిపోయాడు. పెడల్ నేలకు తాకినా అక్కడ గాలి వెళ్ళే తలుపు సగమే తెరుచుకుంటోంది. మధ్యలో రాడ్డు పిన్ను అరిగిపోయింది, అంతే. మిగతా సగం తన చేత్తో తెరిచిపట్టి నన్ను గేజి చూడమన్నాడు. ఒకటి నూట ఇరవై ఐదు, ఒకటి నూట ముప్ఫై, మిగతావీ ఆ చుట్టుపక్కలే. పిన్ను మార్చడానికి అరగంట పట్టింది. కారు కొండలు ఎక్కే హుషారుతో వెళ్ళిపోయింది.

"అప్పుడెంత సూపించింది?" అన్నాడు మేస్త్రి, కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటూ.

"నాలుగూ ఎనభై."

"నలుగురన్నదమ్ములు ఒకే రోజు ముసిలోళ్ళయిపోతారేటి?" ఆ తర్వాత అడిగాడు, "పెడల్ నొక్కిందెవులు?"

ఎవరూ లేరన్నాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. "రేపు తెల్లారకట్ట ఆర్బరుకి రా. నూకరాజుకి సెప్పాల" అన్నాడు.

నాకు పౌరుషం వచ్చింది. "ఇప్పుడు చెప్పి ఏం లాభం మేస్త్రిగారూ? కారు తిరిగొస్తుందా? తెలియని మనిషికి తెలియజెప్పి ఏడిపించడమేగా!"

"కారు రాదు. ఇంకో బండికి డైవరుగా పెడతాను రారా బావా అంటే, నాను బండి ముట్టుకోను, నా సేతులు మంచివి కావు అన్నాడు. ఆ మాట ఆడి మీద ఎట్టింది నువ్వు. నువ్వే దింపాల."

ఫిషింగ్ హార్బరులో బోట్లు అప్పుడే ఒడ్డుకు చేరాయి. వేలంపాటల అరుపులు, కాళ్ళ కింద ఐసు నీళ్ళు. నూకరాజు నెత్తిన ఐసు బుట్టతో వస్తూ కనబడ్డాడు. మేస్త్రి వలలు బాగుచేసేవాళ్ళ దగ్గర ఆగిపోయాడు, నాతో రాలేదు. నాకు ఆయన మీద ఒళ్ళు మండింది. బస్సులో వల్లె వేసుకున్న వాక్యాలన్నీ పోయాయి. "ఇంజను బాగానే ఉందండి. నేనే తప్పు చూశాను. చిన్న పిన్ను అరిగింది, అంతే" అన్నాను.

అతను బుట్ట దించాడు. చాలాసేపు నన్నే చూశాడు. "అయితే బండిని నాను పాడుసెయ్యనేదా?"

"లేదండి."

వెనక్కి తిరిగి భార్యను కేకేశాడు. ఆమె చేపల తట్ట పక్కనపెట్టి వచ్చింది. "బాబూ, ఆ మాట దీనికి కూడా సెప్పండి" అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఆమె మొగుడి వైపు తిరిగి, "రెండు నెల్ల బట్టి కూడు కాడ నిన్ను ఆ మాటే అన్నాను గదయ్యా. నీ సేతిలో ఏదీ నిలవదని అన్నాను. నా నోట్లో మన్నడిపోను" అని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నూకరాజు "పోన్లే, పోన్లే" అంటూ బుట్ట ఎత్తుకున్నాడు, ఐసు కరిగిపోతోందని.

తిరిగొస్తుంటే మేస్త్రి టీ తాగించాడు. షెడ్డులో రెండు బళ్ళున్నాయి, త్వరగా వెళ్దాం అన్నాడు. ఆ సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. కొన్నాళ్ళకు నూకరాజు హార్బరులో ఎవరిదో ఐసు వ్యాను తోలుతున్నాడని తెలిసింది. సొంత బండి మాత్రం మళ్ళీ కొనలేదు. మరో రెండేళ్ళకు నాకు ప్లాంటు ఉద్యోగం వచ్చింది. నేను షిఫ్టులో ఉన్న రోజున మేస్త్రి పోయాడు, చివరి చూపు కూడా నాకు దక్కలేదు.

ప్లాంటులో ఏ యంత్రం ఆగినా రిపోర్టు రాయాలి. అందులో కారణం అని ఒక గడి ఉండేది. 'ఆపరేటరు నిర్లక్ష్యం' అని రాసేస్తే పని తేలిక, సంతకం పెట్టి ఇంటికి పోవచ్చు. నాకది చేతకాలేదు. మనిషిని పిలిపించి, అతని ముందు మళ్ళీ నడిపించి చూసేవాణ్ణి. నత్త అని పేరొచ్చింది, ప్రమోషన్లు ఆలస్యమయ్యాయి, ఇంట్లో చీవాట్లు తిన్నాను. గొప్పకు చెప్పడం లేదు, అలసిపోయి చెబుతున్నాను. ఆ గడి దగ్గర కలం ఆనగానే నూకరాజు నా కళ్ళ ముందు బుట్ట దించి నా వైపు చూసేవాడు. ఆ చూపులో కోపం లేదు, ఎంతో పెద్ద ఉపకారం చేసినవాణ్ణి చూసినట్టు చూశాడు. నన్ను నాలుగు తిట్టి ఉంటే ఎప్పుడో మరచిపోయేవాణ్ణి.