ఏకాహంలో మిగిలిన మూడు గంటలు

పక్షవాతంతో నా భార్యకు మాట పడిపోయింది. ఆసుపత్రి మంచం మీద నోరు కదిపి, శబ్దం రాక, ఆమె గోడవైపు తిరిగిపోయిన రోజున స్వామికి ఏకాహం మొక్కుకున్నాను. ఇరవై నాలుగు గంటలు రామనామం తెగకూడదు. తెగితే మొక్కు చెల్లదు.

చోడవరం చుట్టుపక్కల ఏడు భజన బృందాలు ఒప్పుకున్నాయి. ఎప్పుడూ వంతులు పంచే పెద్దాయన తలా మూడు గంటల ఇరవై ఐదు నిమిషాలు వేసి, మిగిలిన ఐదు నిమిషాలు హారతి వేళ అందరిచేతా పాడించేవారు. ఈసారి ఆయన జ్వరంతో రాలేదు. కాలేజీలో ప్రోగ్రామింగ్ చెప్పేవాణ్ణి కదా అని చీటీలు నేనే కంప్యూటర్లో తీశాను. ఇరవై నాలుగునూ ఏడునూ పూర్ణాంకాలుగా ఇచ్చి భాగించమన్నాను. అలా ఇస్తే యంత్రం దశాంశ బిందువు తర్వాతదంతా పారేస్తుంది, తప్పని కూడా చెప్పదు. పిల్లలకు బోర్డు మీద రాసి మరీ చెప్పే పాఠమే. మూడేసి గంటలు వచ్చింది. ఎవరి చీటీలో వారి వేళే ఉంది. ఎవరూ కూడి చూడలేదు, నేనూ చూడలేదు.

సాయంత్రం ఆరుకు మొదలైంది. మర్నాడు మధ్యాహ్నం మూడుకు, తనవాళ్ళు పాడుతుండగానే గోవాడ బృందం పెద్ద నా దగ్గరకొచ్చాడు.

“బాబూ, మా వంతు అయిపోనాది. తరవాతోళ్ళేరీ?”

చీటీల్లోని గంటలు కూడి చూశాను. ఇరవై ఒకటి. మిగతా బృందాలన్నీ అప్పటికే ఊళ్ళకు వెళ్ళిపోయాయి.

“ఇంకో మూడు గంటలు పాడండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“కోసిన సెరుకు బండి మీదే ఎండిపోతంది బాబూ. మీ కంప్యూటర్నే పాడమను!”

వాళ్ళు లేచారు. తాళాలు ఆగాయి. నేను ఏడుస్తూనే గొంతెత్తాను. కానీ ఒక్కడితో నామం సాగదు. ఒకరు ఊపిరి తీసుకునేలోగా మరొకరు అందుకోవాలి. ప్రసాదం వండుతున్న మా అక్క గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది.

“ఏడుపు ఆపరా! నువ్వను, నేనందుకుంతాను.”

ఆరయ్యేసరికి మా ఇద్దరి గొంతుల్లోనూ గాలే మిగిలింది. మాడిన ప్రసాదాన్ని హారతికి వచ్చినవాళ్ళు కళ్ళకద్దుకుని తిన్నారు.

తర్వాత దశాంశాలతో భాగించి చూశాను. మూడు పాయింట్ నాలుగు రెండు ఎనిమిది... దానికి అంతం లేదు. ఎక్కడ ఆపినా కొంచెం మిగులుతుంది. ఆఖరి తాళానికీ నా గొంతుకీ మధ్య కూడా అలాగే కొంచెం మిగిలిందేమో. అక్కడ నామం తెగిందా స్వామీ?

రోజూ ఉదయం నా భార్య పక్కన కూర్చుని నామం ఒకసారి అని ఆగుతాను, అందుకుంటుందేమోనని. ఆమె పెదవులు కదులుతాయి. మళ్ళీ నేనే అందుకుంటాను.